ఆంగ్లంలో ఆవశ్యకార్థక పదాలు: అర్థం, ప్రయోగం

నిర్వచనం, పరిధి

ఒక పని జరిగి తీరాలనో, ఒక సంగతి అలాగే ఉండి తీరాలనో చెప్పే మాటలను ఆవశ్యకార్థక పదాలంటారు. ఆంగ్లంలో ఇవి రెండు జట్లు. మొదటి జట్టు అసలైన సహాయక క్రియలు: మస్ట్, షల్, షుడ్, ఆట్ టు, నీడ్. వీటికి ప్రథమ పురుష ఏకవచనంలో ‘స్’ చేరదు. ప్రశ్నకు గాని వ్యతిరేకార్థానికి గాని ‘డూ’ సాయం అక్కర్లేదు. ముందు ‘టు’ చేర్చి తుమున్నర్థక రూపం చేయడానికి వీల్లేదు. రెండో జట్టు మామూలు క్రియల నుంచి, ఇతర పదాల నుంచి పుట్టిన పదబంధాలు: హ్యావ్ టు, హ్యావ్ గాట్ టు, నీడ్ టు, బి టు, బి సపోజ్డ్ టు, హ్యాడ్ బెటర్. నెసెసరీ, ఎసెన్షియల్ వంటి విశేషణాలూ, ఆబ్లిగేషన్ వంటి నామవాచకాలూ ఇదే భావాన్ని చెబుతాయి గాని వాటి ప్రయోగంలో చిక్కులు తక్కువ. అందువల్ల ఈ వ్యాసం క్రియల వరకే పరిమితం.

బడి వ్యాకరణాల్లో ఈ పదాలను బలాన్నిబట్టి మెట్లుగా పేర్చి చూపడం వాడుక: అన్నిటికన్నా పైన మస్ట్, దాని కింద హ్యావ్ టు, ఇంకా కింద షుడ్, ఆట్ టు. నేర్చుకునేవారికి తొలి రోజుల్లో ఈ అమరిక ఆసరాగా పనికొస్తుంది. అయితే ఈ పదాల పుట్టుక, వ్యతిరేకార్థ రూపాలు, చట్టాల్లో వాటికి వచ్చిన వ్యాఖ్యానాలు కలిపి చూస్తే అసలు నిర్ణాయకాలు వేరని తెలుస్తుంది. ఒకటి, ఆవశ్యకత ఎవరి నుంచి, దేని నుంచి వస్తోందన్నది. రెండు, వాక్యంలో ‘కాదు’ అన్నది ఆవశ్యకతకు తగులుతోందా, పనికి తగులుతోందా అన్నది. బలం లేదని కాదు. అది చాలాచోట్ల ఈ రెంటి ఫలితంగా వచ్చేదే గాని పదంలో ముందే కొలిచి పెట్టి ఉండేది కాదు.

చరిత్ర

ఈ పదాల్లో చాలావాటికి పుట్టుకతో ఆవశ్యకార్థం లేదు. ప్రాచీన ఆంగ్లంలో ‘మోటన్’ అనే క్రియ ఉండేది. దాని ప్రధానార్థం అనుమతి, వీలు. దాని భూతకాల రూపం ‘మోస్టె’ క్రమంగా వర్తమానార్థంలోకి వచ్చి నేటి మస్ట్ అయింది. ఆ దారిలో అనుమతి అర్థం జారిపోయి నిర్బంధం నిలిచింది. ‘ఆట్’ది మరో కథ. సొంతంగా కలిగి ఉండటం అనే అర్థమున్న ‘ఆగన్’ క్రియకు అది భూతకాల రూపం. నేటి ఆంగ్లంలో బాకీ ఉండటాన్ని చెప్పే ‘ఓ’ అనే క్రియ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కలిగి ఉండటం, ఆపైన బాకీ పడటం, ఆపైన చేయవలసి ఉండటం అనే వరసలో అర్థం మారింది. షల్ కూడా మొదట రుణపడి ఉండటాన్నే చెప్పేది. షుడ్ దాని భూతకాల రూపం. హ్యావ్ టు పుట్టింది కలిగి ఉండటం నుంచే. రాయవలసిన ఉత్తరం ఒకటి నా దగ్గర ఉందనే వాక్యం, ఉత్తరం రాయాలి అనే వాక్యంగా మారింది. హ్యావ్ గాట్ టు, మాటల్లో దాని కుదింపు ‘గాటా’, బాగా తరవాతి కాలానివి. మొదటి నుంచీ అవసరమనే అర్థంతో ఉన్నది నీడ్ ఒక్కటే. అది కూడా నామవాచకంగా మొదలై క్రియ అయింది.

అనుమతిని చెప్పే క్రియ నిర్బంధాన్ని చెప్పేదిగా ఎలా మారింది? దీనికి భాషా శాస్త్రవేత్తలు చెప్పే ఒక వివరణ వ్యతిరేకార్థం గుండా సాగుతుంది. ఒక పనికి అనుమతి లేదంటే ఆ పని చేయకుండా ఉండటం తప్పనిసరి. రెండు వాక్యాల సారం ఒకటే. కనుక వ్యతిరేక వాక్యాల్లో ‘అనుమతి’, ‘తప్పనిసరి’ అనే రెండు అర్థాలు ఒకదాని చోట ఒకటి నిలబడగలవు. అక్కడ స్థిరపడ్డ కొత్త అర్థం తరవాత వ్యతిరేకం లేని వాక్యాల్లోకీ వ్యాపించి ఉండవచ్చు. ఈ వివరణను అందరూ ఒప్పుకోలేదు గాని, మస్ట్ జీవితంలో ‘కాదు’కు ఉన్న పాత్రను అది సరిగానే పట్టుకుంది (చూడు: వ్యతిరేకార్థం).

షల్ విషయంలో వ్యాకరణ పండితుల జోక్యం ఎక్కువ. ఉత్తమ పురుషలో షల్, మిగతా పురుషల్లో విల్ ఉంటే కేవలం భవిష్యత్తు, తారుమారైతే సంకల్పం లేదా ఆజ్ఞ అనే నియమం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఆంగ్ల వ్యాకరణంలో కనిపిస్తుంది. భారతీయ పాఠశాలల్లో రెన్ అండ్ మార్టిన్ పుస్తకం దాకా ఆ నియమం నడిచి వచ్చింది. మాట్లాడే ఆంగ్లం దాన్ని పూర్తిగా ఎన్నడూ పాటించలేదు.

రకాలు: ఆవశ్యకతకు మూలం

ఆవశ్యకతను స్థూలంగా రెండు రకాలుగా విడదీస్తారు. నియమం, ఆజ్ఞ, ధర్మం, అవసరం వంటి వాటి వల్ల ఒక పని చేయవలసి రావడం మొదటిది. దీన్ని కర్తవ్యార్థం అనవచ్చు. దీని తర్కానికి ఆధునిక రూపమిచ్చినవాడు ఫిన్లాండ్ తత్వవేత్త గేయోర్గ్ హెన్రిక్ ఫాన్ రిక్ట్. ఆయన వ్యాసం 1951లో ‘మైండ్’ పత్రికలో వచ్చింది. ఉన్న ఆధారాలను బట్టి ఒక సంగతి నిజమై ఉండి తీరాలని తేల్చడం రెండోది. ఇది అనుమానార్థం. ‘హి మస్ట్ బి ఎట్ హోమ్’ అన్న వాక్యం రెండు విధాలా నడుస్తుంది. గృహనిర్బంధంలో ఉన్నవాడి గురించి న్యాయమూర్తి అంటే మొదటి అర్థం. కిటికీలో దీపం చూసి పొరుగువాడు అంటే రెండో అర్థం. పదం మారలేదు, వాక్యం మారలేదు. మారింది మూలం ఒక్కటే.

ఈ పరిశీలనను సిద్ధాంతంగా మలిచినది భాషా శాస్త్రవేత్త ఆంగేలికా క్రాట్జర్. మస్ట్‌కు ఒక్కో సందర్భానికి ఒక్కో అర్థం లేదని, ‘ఫలానా దాన్నిబట్టి చూస్తే తప్పదు’ అనే ఒకే చట్రం ఉందని, ఆ ‘ఫలానా’ ఏదన్నది సందర్భం పూరిస్తుందని ఆమె 1977లో ప్రతిపాదించింది. చట్టాన్ని బట్టి తప్పదు, గమ్యాన్ని బట్టి తప్పదు, తెలిసిన ఆధారాలను బట్టి తప్పదు, శరీరాన్ని బట్టి తప్పదు, ఇవన్నీ ఆ ఖాళీలో పట్టేవే. తుమ్ము వస్తున్నప్పుడు ‘ఐ హ్యావ్ టు స్నీజ్’ అనడం సహజం. అక్కడ మస్ట్ వాడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తుమ్మును ఆజ్ఞాపించేవారు ఎవరూ లేరు. మాట్లాడేవారే విధించే ఆవశ్యకతకు మస్ట్, బయటి పరిస్థితి తెచ్చిపెట్టేదానికి హ్యావ్ టు అని వ్యాకరణాలు చేసే విభజనకు బలం ఇలాంటి చోట్ల కనబడుతుంది. దీనికి అభ్యంతరం లేకపోలేదు. మాట్లాడే అమెరికన్ ఆంగ్లంలో మస్ట్ బాగా తగ్గిపోయి, సొంత ఆజ్ఞకూ బయటి నియమానికీ హ్యావ్ టు ఒక్కటే వాడుతున్నారు. ఆ మాట నిజమే. కాని దానివల్ల తేలేది పాత సరిహద్దు చెరుగుతోందని మాత్రమే. రెండు పదాలూ వాడుకలో ఉన్న వక్త నోట మస్ట్ వస్తే, అది తానే చెబుతున్నట్టు వినపడటం పోలేదు.

బలం గురించిన అభ్యంతరం దీనికన్నా గట్టిది. ‘యూ షుడ్ కాల్ హర్, బట్ యూ డోంట్ హ్యావ్ టు’ అనే వాక్యంలో వైరుధ్యం లేదు. షుడ్ స్థానంలో మస్ట్ పెడితే వాక్యం తనను తానే కొట్టివేసుకుంటుంది. అంటే షుడ్ నిజంగానే బలహీనం, దాన్ని కాదనలేం. ఆ బలహీనత ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. కై ఫాన్ ఫింటెల్, సబీనె యాట్రిడూ 2008లో ఇచ్చిన వివరణ ప్రకారం షుడ్, ఆట్ టు వంటివి తప్పనిసరి నియమాలతో పాటు, వాటికి లోబడి, ఇంకొన్ని మంచిచెడ్డలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఊరికి చేరడానికి రెండు దారులున్నప్పుడు, రెంటిలో ఒకటి పట్టడం తప్పదు. అందులో మంచి రోడ్డున్న దారి పట్టడం షుడ్. రెండో మాట బలహీనమవడానికి కారణం ‘చేరడం’ అనే మూలానికి ‘సుఖంగా’ అనే మరో మూలం తోడవడమే. ఇలా చూస్తే బలంలో తేడా కూడా మూలాల తేడాగానే విప్పి చెప్పవచ్చు.

అనుమానార్థంలో మరో చిత్రం ఉంది. తర్కం ప్రకారం ‘తప్పక నిజం’ అనేది ‘నిజం’ కన్నా గట్టి మాట కావాలి. కాని వాన పడుతోందని చూసి చెప్పేవాడు ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటాడు. తడిసిన గొడుగులు చూసి ఊహించేవాడే ‘ఇట్ మస్ట్ బి రెయినింగ్’ అంటాడు. వినేవాడికి మొదటిదే గట్టిగా తోస్తుంది. లౌరి కార్టునెన్ 1972లో ఈ సంగతి ఎత్తిచూపాడు. మస్ట్ బలహీనపడిందని చాలాకాలం అనుకున్నారు. 2010లో ఫాన్ ఫింటెల్, ఆంథొనీ గిల్లీస్ దాన్ని ఖండించారు. మస్ట్ బలంలో లోటేమీ లేదని, ‘నేను కళ్ళారా చూడలేదు, ఆధారాల మీదుగా తేల్చాను’ అన్న సూచన అది మోస్తుందని వారి వాదం. ఇది ఇప్పటికీ చర్చలో ఉన్న విషయమే అయినా, మెట్ల అమరిక వివరించలేని తేడాను మూలం వివరించగలుగుతోందన్నది ఇందులో గమనించదగ్గది.

మర్యాద విషయానికొస్తే మెట్ల అమరిక పూర్తిగా తలకిందులవుతుంది. అతిథికి వడ్డిస్తూ ‘యూ మస్ట్ ట్రై దిస్’ అనడం ఆప్యాయత. అదే చోట ‘యూ మే ట్రై దిస్’ అంటే దయతలచి అనుమతించినట్టు ఉంటుంది. లాభం వినేవారిదైనప్పుడు నిర్బంధం మర్యాద అవుతుందని రాబిన్ లేకాఫ్ 1972లోనే చూపించింది. తెలుగువారికి ఇది కొత్త కాదు. ‘మీరు మా ఇంటికి రావాల్సిందే’ అన్న పిలుపును ఎవరూ ఆజ్ఞగా తీసుకోరు.

వ్యతిరేకార్థం

ఆవశ్యకార్థక వాక్యంలో ‘నాట్’ చేరినప్పుడు అది రెండు చోట్ల తగలవచ్చు. పనికి తగిలితే ‘చేయకుండా ఉండటం తప్పనిసరి’, అంటే నిషేధం. ఆవశ్యకతకు తగిలితే ‘చేయడం తప్పనిసరి కాదు’, అంటే మినహాయింపు. ఆంగ్లంలో ఏ పదం ఏ దారి పడుతుందో పదం పదానికీ విడిగా స్థిరపడింది. మస్ట్ నాట్, షుడ్ నాట్, షల్ నాట్ మొదటి దారి. నీడ్ నాట్, డోంట్ హ్యావ్ టు రెండో దారి. వ్యతిరేకం లేనప్పుడు ఇంచుమించు ఒకే మాటగా వినబడే మస్ట్, హ్యావ్ టు వ్యతిరేకంలో పూర్తిగా విడిపోవడం ఇందువల్లే. రక్తపరీక్షకు వచ్చిన రోగికి ఇచ్చే చీటీలో ‘యూ మస్ట్ నాట్ ఈట్’ అని ఉంటే ఏమీ తినకూడదు. ‘యూ డోంట్ హ్యావ్ టు ఫాస్ట్’ అని ఉంటే పస్తుండనక్కర్లేదు, తిని రావచ్చు. రెండో వాక్యాన్ని ‘పస్తుండకూడదు’ అని చదివితే నియమం లేని చోట నియమం పుడుతుంది. ‘యూ డోంట్ హ్యావ్ టు ఈట్’ అన్నదాన్ని తినవద్దన్నట్టు తీసుకుంటే తినగలిగినవాడు కడుపు మాడ్చుకుంటాడు.

ఈ విభజన అర్థం నుంచి దానంతటదే రాదనడానికి జర్మన్ భాష సాక్ష్యం. మస్ట్‌కు జ్ఞాతి పదమైన ముస్సెన్‌కు ‘నిఖ్ట్’ చేర్చితే వచ్చేది నిషేధం కాదు, ‘అక్కర్లేదు’ అన్న మినహాయింపు. నిషేధానికి జర్మన్లు అనుమతిని చెప్పే డ్యుర్ఫెన్‌ను వ్యతిరేకిస్తారు. ఒకే మూలం నుంచి వచ్చిన, ఒకే బలమున్న రెండు పదాలు ‘కాదు’ దగ్గర చెరో దారి పట్టాయి. నీడ్‌కు మరో విశేషముంది. సహాయక క్రియగా అది వ్యతిరేక వాక్యాల్లోనూ ప్రశ్నల్లోనూ తప్ప దాదాపు కనిపించదు. మామూలు వాక్యంలో దాని స్థానాన్ని నీడ్ టు తీసుకుంటుంది. అనుమానార్థంలో మస్ట్‌కు వ్యతిరేకం సాధారణంగా మస్ట్ నాట్ కాదు, ‘కాంట్’. ‘హి కాంట్ బి ఎట్ హోమ్’ అంటే ఇంట్లో ఉండే అవకాశం లేదని.

కాలం

మస్ట్ తానే ఒకప్పటి భూతకాల రూపం కనుక దానికి వేరే భూతకాలం మిగల్లేదు. కర్తవ్యార్థంలో ఆ లోటును ‘హ్యాడ్ టు’, భవిష్యత్తులో ‘విల్ హ్యావ్ టు’ తీరుస్తాయి. ‘మస్ట్ హ్యావ్ గాన్’ అంటే వెళ్ళి ఉండాలి అనే ఊహ మాత్రమే. ‘హ్యాడ్ టు గో’ అంటే వెళ్ళాల్సి వచ్చింది. ‘షుడ్ హ్యావ్ గాన్’ అంటే వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ‘నీడంట్ హ్యావ్ గాన్’ అంటే వెళ్ళాడు గాని అక్కర్లేకపోయింది. ‘డిడంట్ నీడ్ టు గో’ అన్నప్పుడు వెళ్ళాడో లేదో తేలదు.

తెలుగుతో పోలిక

ఆధునిక తెలుగులో ‘-ఆలి’ ప్రత్యయం (చేయాలి, వెళ్ళాలి) ‘వలయు’ క్రియ నుంచి, ‘వలెను’ రూపం మీదుగా వచ్చింది. కర్తవ్యార్థానికీ (‘రేపు వెళ్ళాలి’), అనుమానార్థానికీ (‘ఈపాటికి వెళ్ళి ఉండాలి’) ఇదే పనికొస్తుంది. ఆ మేరకు మస్ట్‌తో పోలిక ఉంది. కాని మస్ట్, హ్యావ్ టు, షుడ్, నీడ్ టు అనే నాలుగింటికీ మామూలు మాటల్లో ‘చేయాలి’ ఒక్కటే జవాబు. తేడా కావలసినప్పుడు ‘చేయాల్సిందే’, ‘చేయక తప్పదు’, ‘చేస్తే మంచిది’, ‘చేయాల్సి ఉంది’ అని చుట్టూ మాటలు పేర్చుకుంటాం. తెలుగు మాతృభాషగా ఉన్నవారి ఆంగ్లంలో, సలహా చాలిన చోట మస్ట్ పడటానికీ, ఆజ్ఞ ఉండవలసిన చోట షుడ్ పడటానికీ ఇది ఒక కారణం అనుకోవచ్చు.

వ్యతిరేకార్థంలో మాత్రం తెలుగు ఆంగ్లం కన్నా తేటగా ఉంటుంది. నిషేధానికి ‘చేయకూడదు’, ‘చేయరాదు’, మినహాయింపుకు ‘చేయనక్కర్లేదు’, ‘చేయనవసరం లేదు’. ‘చేయరాదు’ అన్నది ‘చేయవచ్చు’కు వ్యతిరేకం. అంటే తెలుగు నిషేధాన్ని జర్మన్ మాదిరిగానే అనుమతిని తీసివేసి కడుతుంది. ‘అక్కర లేదు’లో ‘లేదు’ తగిలేది అక్కరకేనని పైకే కనబడుతుంది. దీనికి మినహాయింపు ‘వద్దు’. అది ‘వలదు’ నుంచి వచ్చింది, అంటే ‘వలయు’కు వ్యతిరేక రూపం. రూపంలో ఆవశ్యకతను కాదన్నా, ‘వెళ్ళవద్దు’ అర్థంలో నిషేధమే. మస్ట్ నాట్‌కు ఇంత దగ్గరి పోలిక తెలుగులో మరొకటి లేదు.

చట్టభాషలో షల్

షల్ నేడు బతికి ఉన్నది ముఖ్యంగా చట్టాల్లో. అక్కడ దాని బలం తిరుగులేనిదని సామాన్య నమ్మకం. న్యాయస్థానాల అనుభవం వేరు. ప్రభుత్వోద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని భారత రాజ్యాంగం 320(3) అధికరణ చెబుతుంది. వాడిన మాట షల్. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికీ మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, ఆ సంప్రదింపు సక్రమంగా జరగనంత మాత్రాన ప్రభుత్వ చర్య చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1957లో తీర్పిచ్చింది. కొన్ని విషయాల్లో సంప్రదింపు అక్కర్లేదని నిబంధనలు చేసుకునే అధికారం ఆ అధికరణలోనే ఉండటం, కమిషన్ సలహాకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేకపోవడం, సంప్రదించకపోతే ఏమవుతుందో రాజ్యాంగం చెప్పకపోవడం కోర్టు చూపిన కారణాలు. అదే రాజ్యాంగంలో 311(2) అధికరణ, విచారణ జరిపి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉద్యోగిని తొలగించరాదంటుంది. అక్కడా షల్ ఉంది, అది తప్పనిసరి. ఒకే పత్రం, ఒకే పదం, ఉద్యోగుల గురించే రెండు అధికరణలు. బలాన్ని నిర్ణయించింది పదం కాదు, ఆ నియమం ఎవరి హక్కు కోసం పుట్టిందన్నది.

ఈ అస్పష్టతకు విసిగి కొన్ని దేశాల ముసాయిదాకారులు షల్‌ను పక్కన పెట్టారు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం మస్ట్ వాడింది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్ స్థానంలో సందర్భాన్నిబట్టి మస్ట్, షుడ్, మే పెట్టారు. విచారణ అక్కర్లేకుండానే తీర్పిచ్చే వీలు గురించిన 56వ నియమంలో షుడ్ పడింది. న్యాయమూర్తికి ఎంత విచక్షణ ఉన్నట్టన్న చర్చ లేచింది. 2010లో ఆ ఒక్కచోట షల్‌ను తిరిగి తెచ్చారు. షుడ్ గాని మస్ట్ గాని అప్పటిదాకా వచ్చిన తీర్పుల సారాన్ని సరిగా పట్టలేదన్నది కారణం. పాత పదం అస్పష్టంగా ఉన్నా దాని చుట్టూ పేరుకున్న తీర్పులే దానికి అర్థమయ్యాయి.

సాంకేతిక ప్రమాణాల్లో

ఇంజనీర్లు ఈ సమస్యను నిర్వచనంతో తీర్చారు. ఇంటర్నెట్ ప్రమాణాల కోసం స్కాట్ బ్రాడ్నర్ 1997 మార్చిలో రాసిన ఆర్ఎఫ్‌సీ 2119 ప్రకారం మస్ట్, షల్, రిక్వైర్డ్ మూడూ ఒకటే, అవి మినహాయింపు లేని నియమాలు. షుడ్ అంటే తగిన కారణం ఉంటే పక్కన పెట్టవచ్చు, కాని పర్యవసానాలు పూర్తిగా తూచి చూశాకే. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8174, పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఈ అర్థాలు వర్తిస్తాయని స్పష్టం చేసింది. చిన్న అక్షరాల్లో ఉంటే అవి మామూలు ఆంగ్ల పదాలే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దారి వేరు. దాని రచనా నిబంధనల్లో ప్రమాణం విధించే నియమానికి షల్, సిఫారసుకు షుడ్. షల్‌కు బదులు మస్ట్ వాడరాదు. ప్రమాణం తాను విధించే నియమాలూ, బయటి చట్టం విధించే బాధ్యతలూ కలగలిసిపోకూడదన్నది ఉద్దేశం. బలంలో తేడా లేని రెండు పదాలను మూలాన్నిబట్టి విడదీసిన ఉదాహరణ ఇంతకన్నా స్పష్టమైనది దొరకదు.

వాడుకలో మార్పులు

1961 నాటి అచ్చు రచనల నుంచి కూర్చిన బ్రౌన్ (అమెరికన్), ఎల్ఓబీ (బ్రిటిష్) సంకలనాలను, 1990ల మొదటి రచనల నుంచి అదే పద్ధతిలో కూర్చిన ఫ్రౌన్ (అమెరికన్), ఎఫ్‌ఎల్ఓబీ (బ్రిటిష్) సంకలనాలతో జెఫ్రీ లీచ్ పోల్చి 2003లో ప్రచురించాడు. ఒక్కో సంకలనం దాదాపు 10 లక్షల పదాలది. మస్ట్ బ్రిటిష్ రచనల్లో దాదాపు 29 శాతం, అమెరికన్ రచనల్లో దాదాపు 34 శాతం తగ్గింది. షల్, ఆట్, సహాయక క్రియగా నీడ్ బ్రిటిష్ రచనల్లో అంతకన్నా ఎక్కువగా పడిపోయాయి. అదే కాలంలో బ్రిటిష్ రచనల్లో నీడ్ టు మూడు రెట్లు దాటి పెరిగింది. ఈ సంకలనాలు చిన్నవి, అచ్చు రచనలకే పరిమితం అనే అభ్యంతరం ఉంది. ‘టైమ్’ పత్రిక పాత సంచికలను పరిశీలించిన నీల్ మిల్లర్ 2009లో మోడల్ క్రియలు (మస్ట్, విల్, కెన్ వంటి సహాయక క్రియలు) మొత్తంగా తగ్గడం లేదని వాదించాడు. ఒకే పత్రిక శైలి మొత్తం భాషకు ప్రమాణం కాదని లీచ్ 2011లో జవాబిచ్చాడు. ఆ వివాదం మొత్తం జట్టు గురించి. ఆవశ్యకార్థక పదాల విషయంలో మార్పు దిశ మాత్రం చాలినంత స్పష్టం.

మస్ట్ తగ్గడానికి ఒక కారణంగా, పైవాడు కిందివాడికి ఆజ్ఞాపిస్తున్నట్టు వినబడే మాటలను సమాజం తగ్గించుకోవడాన్ని చెబుతారు. నీడ్ టు పెరుగుదల దీనికి సరిపడుతుంది. ‘యూ మస్ట్ టేక్ దిస్ టాబ్లెట్’ అన్నప్పుడు ఆవశ్యకత డాక్టరుది. ‘యూ నీడ్ టు టేక్ దిస్ టాబ్లెట్’ అన్నప్పుడు అది రోగి సొంత అవసరంగా వినబడుతుంది. మందు మారలేదు, మింగడం తప్పించుకునే వీలూ పెరగలేదు. కర్తవ్యార్థంలో ఇలా వెనక్కి తగ్గుతున్న మస్ట్‌కు అనుమానార్థంలో మాత్రం పోటీ తక్కువ. నీడ్ టు ఆ పనికి రాదు, హ్యావ్ టు అరుదుగానే వస్తుంది. ముఖాముఖి సంభాషణల్లో ఇప్పుడు వినిపించే మస్ట్ ఎక్కువగా ఈ ఊహార్థపు మస్టే.